పల్నాటి ఎండలో ఒక్క డైలాగు

పల్నాడు అనగానే మన సినిమా పాఠకులకు ఏం గుర్తొస్తుంది? కొందరికి 1984లో వచ్చిన బాలకృష్ణ 'పల్నాటి పులి', ఆ మరుసటి ఏడు వచ్చిన కృష్ణ 'పల్నాటి సింహం'. ఇంకాస్త పెద్దవాళ్ళకయితే 1966 నాటి 'పల్నాటి యుద్ధం'. అందులో బ్రహ్మనాయుడుగా ఎన్.టి.రామారావు, ఆయనకు ఎదురు నిలిచిన నాగమ్మగా భానుమతి! కుర్రకారుకయితే బ్రహ్మానందం. ఆయన పుట్టిన చాగంటివారిపాలెం కూడా పల్నాడే మరి.

నాకు మాత్రం నిరుటి వేసవి నుంచీ పల్నాడు అంటే ఒక్కటే గుర్తొస్తోంది. అర్ధరాత్రి దాటి రెండు గంటలు. రెంటచింతల అవతల ఓ పల్లెటూరు. తెర పక్కన పంచె ఎగగట్టుకుని, నెత్తిన పిలక విగ్గుతో గజగజ వణుకుతూ నిలబడ్డ పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పిల్ల మా మేనకోడలు. దాని చేతిలో ఉన్నది ఒకే ఒక్క డైలాగు.

కంగారు పడకండి. సంగతి మొదటినుంచీ చెబుతాను.

అమెరికా నుంచి ఫోను

మా అక్కయ్య కాపురం న్యూజెర్సీలో. అక్కడే పుట్టి, అక్కడే పెరిగిన దాని కూతురు యూనివర్సిటీలో నాటకకళ చదువుతోంది. ఆ చదువులో ఓ నియమం ఉందట. వేసవి సెలవుల్లో ఆరు వారాలపాటు ఏదైనా నాటక సంస్థలో చేరి పని చెయ్యాలి. దాన్నే వాళ్ళు ఇంటర్న్‌షిప్ అంటారు. మన భాషలో చెప్పాలంటే జీతంలేని శిష్యరికం. తోటి పిల్లలంతా న్యూయార్కనీ, లండననీ దరఖాస్తులు పెట్టుకుంటుంటే మా పిల్ల మాత్రం, "నేను నరసరావుపేట వెళతాను" అందట!

"నీ మేనకోడలికి మతి చలించింది. నువ్వే నచ్చజెప్పు" అని మా అక్కయ్య అర్ధరాత్రి ఫోను.

ఇంతకీ ఆ పిల్లకి నరసరావుపేట పిచ్చి ఎలా పట్టిందనుకున్నారు? లైబ్రరీలో ఒక పుస్తకం కంటబడిందట. జీన్ రోఘైర్ అనే అమెరికన్ 1970లలో పల్నాడు వచ్చి, ఆలిశెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన పల్నాటి వీరుల కథను విని, రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చాడు. ఆ పుస్తకాన్ని 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు అచ్చువేశారు. 'ఇది మా అమ్మమ్మ ఊరి దగ్గర కథ కదా!' అని మా పిల్ల ఉలిక్కిపడింది.

తమాషా చూడండి. ఎక్కడివాడో అమెరికా దొర తెలుగు నేర్చుకుని వచ్చి, మన కథ ఇంగ్లీషులోకి తీసుకుపోయాడు. మన పిల్ల ఆ ఇంగ్లీషు చదువుకుని వెనక్కి తెలుగులోకి బయల్దేరింది. మనకు సొంతూరు. దానికి మాత్రం పరదేశం!

నచ్చజెప్పమన్న నేను ఏం చేశానంటారా? "రానీ అక్కా, నేను చూసుకుంటాను" అన్నాను. దానికో కారణం ఉంది. పత్రికలకు వ్రాసి బతికేవాణ్ణి. 'కనుమరుగవుతున్న పద్య నాటకం' అని ఒక వ్యాసం, నాలుగు ఫోటోలు... అప్పుడే నా బుర్రలో హెడ్డింగు కూడా తయారైపోయింది. ఇంకో కారణం కూడా ఉంది. అది తరవాత చెబుతాను.

"మళ్ళా చంపడానికి వచ్చారా?"

మే నెల మొదటివారం. గుంటూరు నుంచి నరసరావుపేట నలభై అయిదు కిలోమీటర్లు. బస్సు దిగేసరికి మా పిల్ల మొహం కందగడ్డలా ఉంది. 2022 ఏప్రిల్ నుంచి నరసరావుపేట పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణం. కలెక్టరాఫీసు వచ్చింది, బోర్డులు మారాయి. ఎండ మాత్రం అదే ఎండ. శ్రీనాథుడంతటివాడు పల్నాడు వచ్చి ఆ రాళ్ళనూ, జొన్నకూడునూ, నీటి ఎద్దడినీ తిట్టుకుంటూ చాటువులు చెప్పాడంటే ఊరికే చెప్పాడా! ఇప్పుడు సాగర్ కుడి కాలవ నీళ్ళు వచ్చి మిరప, పత్తి పండుతున్నాయి గానీ, వేసవిలో మధ్యాహ్నం రోడ్డు మీద నిలబడితే శ్రీనాథుడి బాధ ఇప్పటికీ అర్థమవుతుంది.

నాటక సమాజం అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. ఒక పాత మిద్దె మీద గది. గోడకి దండెం, దండెం మీద జరీ అంచుల పాత చీరలు, మూల రెండు ట్రంకు పెట్టెలు, మధ్యన హార్మోనియం. దాని వెనకాల డెబ్బై దాటిన మాస్టారు.

నేను పత్రికల మనిషినని తెలియగానే ఆయన నవ్వారు. "ఏందయ్యా, 'కనుమరుగవుతున్న కళ' అనేనా పేరు పెట్టేది? ముప్పై ఏళ్ళ నుంచి చూస్తన్నా. ఏడాదికి ఒకరు వచ్చి మమ్మల్ని చంపి పోతన్నారు. మేం మాత్రం రాత్రయ్యేసరికి మళ్ళా రంగేసుకుంటన్నాం."

నా జేబులో ఉన్న హెడ్డింగు జేబులోనే చచ్చిపోయింది!

తరవాత మా పిల్లవైపు తిరిగి, "ఏం చేతనవును అమ్మాయ్?" అన్నారు. అది తన యూనివర్సిటీలో వేసిన షేక్స్‌పియరు పాత్రల పేర్లు వరసగా చెప్పింది. మాస్టారు ఓపిగ్గా విని, "శానా సంతోషం. ఆ పెట్టెలో కిరీటాలున్నయ్. తుడిచిపెట్టు" అన్నారు.

మొదటి వారమంతా అదే పని. కిరీటాలు తుడవడం, విగ్గులు దువ్వడం, టీలు తేవడం. రాత్రిళ్ళు అమ్మమ్మగారింటి డాబామీద పడుకుని, "మామయ్యా, నేను నటన నేర్చుకోడానికి వచ్చానా, గిన్నెలు తోమడానికి వచ్చానా?" అని గొణిగేది.

రెండో వారంలో అసలు కష్టం మొదలైంది. మాస్టారు దాన్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు! 'కళ' అనమంటే 'కల' అనేది. 'పాట' అనమంటే మధ్యలో ఇంగ్లీషు 'ట' దూరేది. "నాలిక మడత పెట్టు అమ్మాయ్. మడత పెడితే 'ళ', పెట్టకపోతే 'ల'. నీ 'ల'తో కళ కాస్తా కల అయిపోతంది!" రోజుకు రెండు గంటలు అదే సాధన. కింద బట్టల కొట్టువాళ్ళకు కూడా 'కళ - కల' కంఠతా వచ్చేసింది.

ఒక హరిశ్చంద్రుడు కాదు, ముగ్గురు

వాళ్ళు ఎక్కువగా ఆడేది సత్యహరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు వ్రాసిన నాటకం. పుట్టి నూరేళ్ళు దాటినా ఇంకా ఊళ్ళల్లో నడుస్తూనే ఉంది. సినిమాకు అలవాటుపడ్డ మీకు ఇందులో ఓ వింత చెప్పాలి. ఒకే రాత్రి, ఒకే నాటకంలో హరిశ్చంద్రుడి వేషం ఇద్దరు, ముగ్గురు వేస్తారు. ముందు సీన్లకు ఒకరు, వారణాసికి ఒకరు, కాటి సీనుకి మరొకరు. మన సినిమాలో సగంలో హీరో మారిపోతే ఊరుకుంటామా? ఇక్కడ జనం అందుకోసమే వస్తారు! 'కాటి సీను ఎవరిది?' అని ముందే వాకబు చేస్తారు. పద్యం బాగా ఎత్తుకుంటే 'వన్స్ మోర్' కొడతారు. చచ్చి పడున్న లోహితాస్యుడి ముందు ఏడుస్తున్న చంద్రమతి సైతం ఏడుపు ఆపి అదే పద్యం మళ్ళీ పాడాలి. మధ్యలో ఫలానావారు ఇంత చదివించారని మైకులో ప్రకటన!

మా పిల్లకి ఇది ముందు పెద్ద అపచారంలా తోచింది. "అలా ఆపేస్తే ఎమోషన్ పోదా మామయ్యా?" అంది. మాస్టారు విని, "ఏడిసేవాళ్ళు రెండోసారీ ఏడుస్తారమ్మా. చూస్తావుగా" అన్నారు.

కాటి సీనులో పాడే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివారివి కావు, గుర్రం జాషువా గారివి. శ్మశానవాటి మీద ఆయన వ్రాసిన పద్యాలు నటులు తెచ్చి ఈ సీనులో కలుపుకున్నారు. జనం వాటిని ఇక వదలనివ్వలేదు. ఆ జాషువా పుట్టింది ఇక్కడికి దగ్గరే, వినుకొండలో, 1895లో. కులం పేరుతో పడరాని అవమానాలు పడ్డ కవి. రాజూ పేదా ఒకే మట్టిలో కలిసే చోటుకు ఆయన పద్యాలే సరిపోయాయంటే ఆశ్చర్యమేముంది?

వీరుల ఊరు

మూడో వారంలో ఒకనాడు మాస్టారే అన్నారు: "కారంపూడి చూశావా? వీరుల గుడికి దణ్ణం పెట్టకుండా పల్నాట్లో నాటకమాడతావా?"

పిడుగురాళ్ళ మీదుగా బయల్దేరాం. సున్నం బట్టీల పొగ దాటి గురజాల చేరాం. నలగామరాజు ఏలిన ఊరు అదే. ఆయన పక్కన మంత్రిగా నాగమ్మ. అటు మాచర్లలో మలిదేవరాజు, ఆయన తరఫున బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఓటమి, మాచర్లవారికి ఏడేళ్ళ వనవాసం, రాయబారం వెళ్ళిన అలరాజు చావు, చివరికి 12వ శతాబ్దంలో కారంపూడి దగ్గర యుద్ధం... ఈ కథ మీకు కొత్తకాదు. 1947లో వచ్చిన మొదటి 'పల్నాటి యుద్ధం'లో బాలచంద్రుడు మన అక్కినేనే. ఆ చిత్రం పూర్తికాకుండానే గూడవల్లి రామబ్రహ్మం గారు కన్నుమూస్తే, ఎల్.వి.ప్రసాద్ గారు పూర్తిచేశారు.

కారంపూడిలో నాగులేరు ఎండి ఉంది. వీరుల గుడిలో ఆయుధాలు చూశాం. వాటిని కొణతాలు అంటారు. ఏటా కార్తీక అమావాస్య నాటికి ఊరూరి నుంచి వాటిని మోసుకుని ఇక్కడికి వస్తారు. అయిదు రోజుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. అయిదు రోజులూ ఆ కథ పాడుతూ, కథలో జరిగినవన్నీ ఊళ్ళోనే జరిపిస్తారు. మందపోరు నాడు చాపకూడు. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాపమీద కలిసి తినాలని ఎనిమిది వందల ఏళ్ళ కిందట బ్రహ్మనాయుడు పెట్టిన పంక్తి అది. ఆయన సేనానుల్లో ఒకడు మాల కన్నమదాసు. ఆయన దాన్ని మాటలతో సరిపెట్టలేదన్నమాట.

మా పిల్ల గుడి అరుగుమీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పుస్తకంలో ఇదంతా చదివాను మామయ్యా. కానీ స్టేజీ ఎక్కడో ఉంటుందనుకున్నాను" అంది.

"మరి?"

"ఊరే స్టేజీ కదా!"

ఒక్క డైలాగు

ఇక ఆ రాత్రి సంగతి. అయిదో వారం. రెంటచింతల అవతల ఒక ఊళ్ళో అమ్మవారి కొలుపులు. రెంటచింతల ఎండ గురించి తెలుగువాళ్ళకు చెప్పక్కరలేదు. వేసవి వస్తే పేపర్లో ఆ ఊరి పేరు పడాల్సిందే. రాత్రి పదింటికి కూడా నేల సెగలు కక్కుతోంది. కమిటీవాళ్ళకూ మాస్టారుకూ చిన్న రగడ. "ఒంటిగంటకల్లా ముగించండి. తరవాత కుర్రాళ్ళు డాన్సు ప్రోగ్రాం పెట్టుకున్నారు" అని వాళ్ళు. "కాటి సీను లేకుండా హరిశ్చంద్ర ఏందయ్యా? అయితే మాకియ్యాల్సిన డబ్బులు కూడా సగం దాకా ఇచ్చి సరిపెడతారా?" అని ఈయన. చివరికి డాన్సే ముందు జరిగింది. నాటకం మొదలయ్యేసరికి పదకొండున్నర. డాన్సు కాగానే కుర్రాళ్ళు సగంమంది వెళ్ళిపోయారు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చాపలమీద నిద్రపోతున్న పిల్లలు మిగిలారు.

నన్ను పక్క తెర వెనక ప్రాంప్టింగుకు నిలబెట్టారు. అందరికీ కంఠతా వచ్చిన నాటకానికి ప్రాంప్టింగు ఎందుకంటారా? అదే నేను దాచిన రెండో కారణం. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ వేషాలు వేశాను. నరసరావుపేట భువనచంద్ర టౌన్‌హాల్లో పోటీ నాటకం. నిండు సభ. మూడో డైలాగు దగ్గర నా నోరు మూతపడిపోయింది. పక్కనుంచి అందించేవాడు లేడు. తెర దించేశారు. ఆ రాత్రి పారిపోయినవాణ్ణి మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. నాటకాల గురించి వ్రాస్తూ వచ్చాను. అది కూడా 'పోతోంది, పోయింది' అని. నేను వదిలేసింది ఎలాగూ పోయేదే అనుకుంటే మనసుకు హాయి కదా! ఈ మాట మాస్టారుకి ఒక సాయంత్రం చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆ ఊరు రాగానే స్క్రిప్టు నోటుబుక్కు నా చేతిలో పెట్టారు, అంతే.

రెండు గంటలవుతోంది. లోహితాస్యుణ్ణి పాము కరుస్తుంది. వెంట దర్భలకు వెళ్ళిన కుర్రవాడు పరుగెత్తుకొచ్చి ఆ కబురు చంద్రమతికి చెప్పాలి. ఆ కుర్రవాడేడీ? ట్రంకుపెట్టె వెనకాల గురక పెట్టి నిద్రపోతున్నాడు! లేపితే ఏడుపు అందుకున్నాడు. మాస్టారు హార్మోనియం మీద ఒక చెయ్యి కదుపుతూనే, రెండో చేత్తో మా పిల్లని చూపించారు.

రెండు నిమిషాల్లో పంచె కట్టారు, విగ్గు తగిలించారు. డైలాగు దానికి తెలుసు. నెలరోజులుగా విన్నదేగా. గ్రాంథికంలో రెండు పెద్ద వాక్యాలు. రెండింట్లోనూ 'ళ'లే! పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంటోంది. మొహంలో రక్తం లేదు.

పరుగెత్తుకుంటూ వెళ్ళింది. వేలాడే మైకు కింద ఆగింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

నాకు టౌన్‌హాలు కళ్ళముందు తిరిగింది. వేలు పుస్తకంలో సరిగ్గా ఆ వాక్యం మీదే ఉంది. అందిద్దామని నోరు తెరిచాను. నాకూ రాలేదు! గొంతు ఎండిపోయింది. చాపలమీద ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్ళీ గొంతు సవరించుకుని మొదటి ముక్క అందించాను. అది దానికి వినిపించిందో లేదో ఇప్పటికీ తెలియదు.

"అమ్మా..." అంది అది. తరవాత రావలసిన గ్రాంథికం రాలేదు. వాళ్ళమ్మమ్మ దగ్గర నేర్చుకున్న వంటింటి తెలుగు వచ్చింది. "అమ్మా... వాణ్ణి పాము కరిచిందమ్మా. లేపితే లేవట్లేదు."

అంతే. చంద్రమతి వేషం వేసినావిడ ఎన్నేళ్ళ అనుభవమో, ఒక్క క్షణం నిజంగానే మా పిల్ల మొహంలోకి చూసి, చేతిలో ఉన్నది జారవిడిచి, పద్యం ఎత్తుకుంది. నవ్విన గొంతు మళ్ళీ వినపడలేదు. ముందు వరసలో ఒక ముసలమ్మ పక్కన నిద్రపోతున్న మనవణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. పద్యం అవగానే 'వన్స్ మోర్' పడింది. ఆవిడ రెండోసారి పాడింది. ముసలమ్మ రెండోసారీ ఏడ్చింది. మాస్టారు చెప్పినట్టే!

మాచర్లలో తెల్లవారింది

నాటకం ముగిసేసరికి తూరుపు తెల్లబడుతోంది. వ్యానులో మాచర్ల చేరాం. చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి. అప్పుడే తలుపులు తీస్తున్నారు. గుడి బయట టీ బంకు దగ్గర మా పిల్ల మాస్టారు మొహంలోకి చూస్తూ నిలబడింది. శెభాష్ అంటారని ఆశ. మర్చిపోయినందుకు తిడతారని భయం.

ఆయన టీ ఊదుకుంటూ అన్నారు: "రేపటి ఊళ్ళో ఎడం పక్కనుంచి రా. కుడి పక్కనుంచి వస్తే నువ్వు అడ్డం పడి చంద్రమతి మొహం జనానికి అగపడదు. డైలాగు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే చెప్పాల. ప్రతిసారీ అమ్మమ్మ వచ్చి కాపాడదు."

మా పిల్ల వెలిగిపోయింది. ఎందుకో మీకు తెలిసిందా? 'రేపటి ఊళ్ళో' అన్నారు చూశారా, అందుకు!

ఆ తరవాత మూడు ఊళ్ళల్లో అది ఎడమ పక్కనుంచి వచ్చింది. రెండు ఊళ్ళల్లో డైలాగు తప్పకుండా చెప్పింది. మూడో ఊళ్ళో 'ళ' ఒకటి జారింది. మాస్టారు హార్మోనియం దగ్గర్నుంచే కళ్ళురిమారు.

వెళ్ళేముందు యూనివర్సిటీవాళ్ళ ఫారం ఒకటి మాస్టారు ముందు పెట్టింది. నాయకత్వానికి అయిదుకి ఎన్ని, సృజనకు అయిదుకి ఎన్ని... ఆయన ఆ గళ్ళన్నీ నా చేత చదివించుకుని, ఏదీ నింపకుండా, అడుగున ఖాళీ జాగాలో తెలుగులో వ్రాశారు: 'పిలిస్తే పలుకుతుంది. చెప్పిన చోట నిలబడుతుంది. ఇంకా నేర్చుకోవాలి. మళ్ళీ పంపించండి.'

దాన్ని ఇంగ్లీషులోకి మార్చే పని మా పిల్లదే. విమానాశ్రయంలో కూడా 'పలుకుతుంది' దగ్గరే ఆగిపోయి, "దీనికి మాట దొరకట్లేదు మామయ్యా" అంది. వెతుక్కోమన్నాను. రోఘైర్ దొర ఎన్ని మాటల కోసం వెతుక్కున్నాడో!

నేనా? నా వ్యాసం ఇదే. హెడ్డింగు మార్చుకున్నాను. ఆ సమాజానికి ఈ ఏడు పిలుపులు తగ్గాయి, ఆ సంగతి దాచను. కానీ తిరునాళ్ళ రోజుల్లో ఎక్కడో ఓ పల్నాటి పల్లెలో తెర లేస్తూనే ఉంది. ఈసారి మీ ఊరి దగ్గర్లో లేస్తే, డాన్సు అయిపోయింది గదా అని లేచి వెళ్ళిపోకండి. కాటి సీను దాకా కూర్చోండి. పక్క తెర వెనకాల చూడండి. నోటుబుక్కు పట్టుకుని ఒకడు కనిపిస్తే, అది నేనే కావచ్చు. మాస్టారు నాక్కూడా 'రేపటి ఊళ్ళో' అన్నారు మరి!